రష్యా జనం తిండి, ఒంటి ఆరోగ్యం, ఆయుష్షు: తరచుగా అడిగే ప్రశ్నలు

"రష్యా జనం" అంటే ఇక్కడ ఎవరు?

1917 దాకా ఉన్నది జార్లు అనే చక్రవర్తుల సామ్రాజ్యం. 1922 చివర్లో సోవియట్ యూనియన్ ఏర్పడి 1991 దాకా ఉంది. ఆ తర్వాతది ఇప్పటి రష్యా. మూడింటి సరిహద్దులూ వేరు కాబట్టి ఒక కాలపు లెక్క ఇంకో కాలపు లెక్కతో నేరుగా అతకదు. 1897లో జరిగిన మొదటి జనగణనలో సామ్రాజ్యం జనాభా 12.5 కోట్ల పైచిలుకు. అందులో రష్యన్లతో పాటు ఉక్రేనియన్లు, పోలండ్ వాళ్లు, తాతార్లు, యూదులు, కజక్‌లు, ఇంకా ఎందరో ఉన్నారు. ఈ పేజీలో ముఖ్యంగా రష్యన్ పల్లె, రష్యన్ పట్నం గురించే చెబుతాను. కరువుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఉక్రెయిన్‌నూ కజకిస్తాన్‌నూ వదిలేసి మాట్లాడడం అన్యాయం.

జీతాలు, ధరల లెక్కలు ఉండగా, మనుషుల ఎత్తు కొలిచి బతుకు ఎలా ఉందో చెప్పడం ఏమిటి?

19వ శతాబ్దంలో రష్యా జనాభాలో ఎక్కువ భాగం రైతులే. వాళ్ల ఇంట్లో డబ్బు ఆడింది తక్కువ. పండిందే తిన్నారు, నేసిందే కట్టారు. అలాంటి ఇంటికి జీతం లెక్క కట్టి ఏం చెప్పగలం? ఒంటిని చూస్తే తెలుస్తుంది. ఎదిగే వయసులో తిన్న తిండి, పడ్డ జబ్బులు, చేసిన చాకిరీ మూడూ కలిసి పెద్దయ్యాక ఎత్తులో తేలతాయి. ఒక్క మనిషిని తీసుకుంటే తల్లిదండ్రుల పోలికే ఎక్కువ. లక్షల మంది సగటు తీసినప్పుడు, తరానికీ తరానికీ మధ్య వచ్చే తేడా మాత్రం ఎక్కువగా పోషణదే.

ఈ లెక్కకు రష్యాలో దొరికిన ఆధారం సైన్యం. పీటర్ చక్రవర్తి కాలం నుంచి రైతు కుర్రాళ్లను సైన్యంలోకి తీసుకుపోయేవారు. 1874లో అన్ని వర్గాలకూ సైనిక సేవ తప్పనిసరి చేశారు. చేరే ప్రతి కుర్రాణ్ణీ నిలబెట్టి ఎత్తు కొలిచి రాసేవారు. అప్పటి కొలతలు అర్షీన్, వెర్షోక్. అర్షీన్ అంటే 71 సెంటీమీటర్లు, అందులో పదహారో వంతు వెర్షోక్. 1874 నాటి నిబంధన ప్రకారం కనీసం రెండు అర్షీన్ల రెండున్నర వెర్షోకులు, అంటే 153 సెంటీమీటర్ల పైన ఉంటేనే తీసుకునేవారు. అంతకన్నా పొట్టివాళ్లు చేరినవాళ్ల జాబితాల్లో కనిపించరు. కాబట్టి ఆ జాబితాల సగటును ఉన్నదున్నట్టు జనమందరి సగటుగా తీసుకుంటే తప్పవుతుంది. చరిత్రకారులు ముందు దాన్ని సరిచేసుకోవాలి.

అయితే జార్ల కాలంలో జనం ఎదిగారా, కుంగారా?

దీని మీద రష్యాలోనే పెద్ద గొడవ ఉంది. బోరిస్ మిరోనోవ్ అనే చరిత్రకారుడు దస్తావేజుల నుంచి లక్షల మంది ఎత్తులు ఎత్తిరాసి తేల్చింది ఇది: 18వ శతాబ్దంలో రైతుల ఎత్తు తగ్గింది. అది ఎడతెగని యుద్ధాలు, తలపన్ను, పెరిగిన వెట్టి నడిచిన కాలం. 19వ శతాబ్దంలో, ముఖ్యంగా 1861 తర్వాత, ఎత్తు పెరుగుతూ వచ్చింది. కాబట్టి 1917 విప్లవం నానాటికీ పెరిగిన ఆకలి నుంచి పుట్టింది కాదని ఆయన వాదన. సెర్గేయ్ నెఫ్యోదొవ్ లాంటివాళ్లు దీన్ని ఒప్పుకోలేదు. జనాభా పెరిగి మనిషికి దక్కే నేల తగ్గిపోయిందని, పండిన ధాన్యంలో పెద్ద భాగం పల్లె దాటి ఓడలెక్కిందని వాళ్లు అంటారు.

నాకు తోచింది చెబుతాను. సగటు నెమ్మదిగా పెరగడం, చెడ్డ ఏడాది వస్తే లక్షల మంది చావడం, ఈ రెండూ ఒకే దేశంలో ఒకే కాలంలో జరగొచ్చు. జరిగాయి కూడా. సగటు బాగుందని 1891 నాటి కరువును తోసిపుచ్చలేం. 1891 ఉంది కదా అని, మామూలు ఏడాదుల్లో రైతు పిల్లవాడు తాత కన్నా కాస్త పొడుగు ఎదిగాడన్న సంగతినీ కాదనలేం.

రైతులను జమీందారుకు కట్టిపడేసిన అర్ధబానిసత్వాన్ని 1861లో రద్దు చేశారు కదా, అప్పుడే బాగుపడి ఉండాలి?

స్వేచ్ఛ వచ్చింది, దాంతో పాటు అప్పూ వచ్చింది. రైతులు తమ వాటాకు వచ్చిన నేల ఖరీదును 49 ఏళ్ల వాయిదాల్లో ప్రభుత్వానికి కట్టాలన్నారు. అంతకుముందు తాము దున్నుకుంటున్న నేలలో కొంత చాలాచోట్ల జమీందారు చేతికే తిరిగి పోయింది. అదీ సాధారణంగా నీటి పక్కనో పచ్చిక పక్కనో ఉన్న మంచి ముక్క. వాయిదాలకు ఊరంతా కలిసి పూచీ. ఒకడు కట్టకపోతే మిగతావాళ్ల మీద పడేది. బకాయిలు కొండలా పేరుకున్నాయి. 1905లో పల్లెలు తిరగబడ్డాక గానీ ఆ వాయిదాలు ఎత్తేస్తామని జారు ప్రకటించలేదు. 1907 నుంచి అవి ఆగాయి.

రైతు ఇంట్లో రోజూ ఏం తినేవారు?

రై అనే ధాన్యం పిండితో చేసిన నల్ల రొట్టె. అన్నం మనకెలాగో వాళ్లకు అది అలాగ. కష్టపడే మగవాడు రోజుకు కిలో దాకా తినేవాడు. దాంతో పాటు షీ అనే క్యాబేజీ పులుసు, బక్‌వీట్‌తోనో చిరుధాన్యాలతోనో వండిన కాషా అనే జావ, పులియబెట్టిన క్వాస్ పానీయం. "షీ, కాషా మా తిండి" అని వాళ్లకు సామెతే ఉంది. ఆకురాలే కాలంలో క్యాబేజీని తరిగి ఉప్పేసి పీపాల్లో పులియబెట్టేవారు. ఆరు నెలలు మంచు కప్పే ఊళ్లో సి విటమిన్ అందించింది ముఖ్యంగా ఆ పీపాయే. అది లేని ఇంట చలికాలం చివర్లో చిగుళ్ల నుంచి రక్తం కారేది.

మాంసం పండగకో పెళ్లికో. పైగా ఆర్థడాక్స్ క్రైస్తవుల పంచాంగంలో ఏడాదికి దాదాపు 200 రోజులు ఉపవాస దినాలు. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆవు ఉన్న ఇంట్లో కూడా పిల్లలకు పాలు అందని రోజులు ఉండేవి. బంగాళాదుంపను మొదట నమ్మలేదు. 1840ల మొదట్లో దాన్ని పండించమని అధికారులు బలవంతపెడితే ఉరాల్ ప్రాంతంలోనూ వోల్గా పొడుగునా రైతులు తిరగబడ్డారు. శతాబ్దం చివరికి అదే పేదవాడికి రెండో రొట్టె అయింది.

మామూలు ఏడాదిలో కూడా చాలా ఇళ్లలో ధాన్యం కొత్త పంట దాకా వచ్చేది కాదు. చలికాలం మధ్యలో రొట్టె అయిపోతే భుజానికి సంచి తగిలించుకుని "ముక్కల కోసం" బయల్దేరేవారు. ఇంటింటి ముందు ఆగి శిలువ గుర్తు వేసుకుని నిలబడితే చాలు, లోపలి నుంచి ఒక రొట్టె ముక్క వచ్చేది. అడుక్కోవడం వృత్తిగా పెట్టుకున్నవాళ్లు కారు వీళ్లు. ఇంటి దగ్గర గుర్రం ఉంటుంది, ఆవు ఉంటుంది, విత్తనాలూ ఉంటాయి. తినడానికి రొట్టె ఉండదు, అంతే. ఇవాళ ముక్క పెట్టిన ఇల్లాలు వచ్చే నెల తానే సంచి తగిలించుకోవచ్చు. అందుకే ఎవరూ లేదనేవారు కాదు. ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఎక్కని ఈ ఏర్పాటే ఎన్నో పల్లెలను వసంతం దాకా నిలబెట్టింది.

ఇళ్లు ఎలా ఉండేవి?

దుంగలు పేర్చి కట్టిన ఒంటిగది ఇల్లు, ఇజ్బా. గదిలో నాలుగో వంతు ఇటుకల పొయ్యిదే. దాని మీదే వంట, దాని మీదే ముసలివాళ్లకూ పిల్లలకూ పడక. పేద ఇళ్లకు పొగగొట్టం ఉండేది కాదు. పొగ తలుపులోంచో పైనున్న చిన్న కంతలోంచో పోయేది. గోడలు నల్లగా, కళ్లు ఎర్రగా. గట్టి చలిలో కొత్తగా పుట్టిన దూడనూ గొర్రెపిల్లనూ లోపలికే తెచ్చుకునేవారు. క్షయ, కంటి జబ్బులు అలాంటి గదుల్లో ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకాయి. మంచి సంగతి ఒకటుంది. చాలా ప్రాంతాల్లో వారానికోసారి బాన్యా, అంటే ఆవిరి స్నానం, తప్పనిసరి. పేదవాడైనా శనివారం ఒళ్లు రుద్దుకుని ఆవిరి పట్టేవాడు.

పసిపిల్లలు అంత మంది ఎందుకు చనిపోయేవారు?

రష్యా జనం ఆరోగ్య చరిత్రలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. 19వ శతాబ్దం చివర యూరప్ వైపు రష్యాలో పుట్టిన ప్రతి 100 మందిలో 27 మంది దాకా ఏడాది నిండకుండానే పోయేవారు. అయిదేళ్లు దాటేలోపు 40 మందికి పైగా. అదే సమయంలో స్వీడన్‌లో తొలి ఏడాది పోయేది 100కు పది మంది. 1890ల్లో రష్యాలో పుట్టుకనాటి సగటు ఆయుష్షు 32 ఏళ్ల దగ్గర ఉందంటే, జనం 32వ ఏట చచ్చిపోయేవారని కాదు. తొట్టెలోనే పోయిన పిల్లలు ఆ సగటును కిందికి లాగారు.

పేదరికం ఒక్కటే కారణమైతే అన్ని మతాల పేదల్లోనూ ఒకేలా ఉండాలి. కానీ అదే వోల్గా ఒడ్డున, అంతే పేదరికంలో, చాలాచోట్ల అంతకన్నా చదువు తక్కువగా ఉన్న తాతార్, బష్కీర్ ముస్లిం ఇళ్లలో పిల్లలు రష్యన్ ఇళ్లలో కన్నా చాలా తక్కువ మంది పోయేవారు. తేడా తల్లిపాల దగ్గర ఉంది. ముస్లిం తల్లులు ఎక్కువ కాలం చనుబాలే పట్టేవారు. రష్యన్ పల్లెల్లో పుట్టిన కొద్ది రోజులకే పసిగుడ్డు నోట్లో సోస్కా పెట్టేవారు. నల్ల రొట్టె నమిలి, పాత గుడ్డపీలికలో మూటకట్టి, చప్పరించడానికి ఇచ్చేది. వేసవిలో అది గంటల్లో పులిసేది, ఈగలు ముసిరేవి, కింద పడితే తుడిచి మళ్లీ నోట్లోనే పెట్టేవారు.

ఇందులో తల్లిని నిందించడానికి ఏమీ లేదు. జులై, ఆగస్టుల్లో కోతలు. రష్యాలో పంట కాలం కురచ, ఆ కొద్ది వారాల్లో కోసుకోకపోతే ఏడాదంతా పస్తు. ప్రసవమైన నాలుగైదు రోజులకే బాలింత కొడవలి పట్టుకుని పొలానికి పోయేది. బిడ్డ ఇంట్లో చూపు ఆనని ముసలమ్మ దగ్గరో, ఆరేడేళ్ల అక్క దగ్గరో ఉండేది. పాలు చేపుకొచ్చి రవిక తడిసినా ఇంటికి పరుగెత్తడానికి లేదు. సాయంత్రం దాకా బిడ్డకు సోస్కాయే దిక్కు. విరేచనాలు పట్టుకుంటే రెండు మూడు రోజుల్లో అయిపోయేది. అందుకే ఏటా వేసవిలో పసిపిల్లల చావులు ఒక్కసారిగా పెరిగేవి.

1864 తర్వాత ఏర్పడ్డ జెమ్‌స్త్వో స్థానిక సంస్థల డాక్టర్లు ఇదంతా కళ్లారా చూసి రాశారు. కోతల కాలంలో పల్లెల్లో పిల్లల్ని చూసుకునే చిన్న కేంద్రాలు పెట్టారు, చదువుకున్న మంత్రసానుల్ని పంపారు. డాక్టర్లు చాలక చాలాచోట్ల రోగులకు దిక్కు ఫెల్ద్‌షర్ అనే వైద్య సహాయకుడే. చేసింది కొంచెమే, అయినా తర్వాత వచ్చిన సోవియట్ పల్లె వైద్యానికి పునాది ఆ డాక్టర్లు వేసిందే.

1891 కరువు అంత ముఖ్యమైనది ఎందుకు?

వానల్లేక వోల్గా, నల్లరేగడి ప్రాంతాల్లో పంట పోయింది. ఆ మరుసటి ఏడాది కలరా వచ్చింది. రెండూ కలిసి నాలుగు లక్షల మందిని దాకా పొట్టన పెట్టుకున్నాయి. చక్రవర్తికూర కుటుంబానికి చెందిన లెబెదా అనే కలుపు మొక్క గింజలు పిండిలో కలిపి రొట్టె కాల్చుకున్నారు. ఆ రొట్టె కడుపులో ఇమడక వాంతులయ్యేవి.

ప్రకృతి చేసింది సగమే. ఆర్థిక మంత్రి విష్నెగ్రాద్‌స్కీ రూబుల్‌ను బలపరచడానికి ధాన్యం ఎగుమతిని తోసుకుంటూ పోయాడు. "మనం అర్ధాకలితో ఉన్నా సరే, ఎగుమతి చేద్దాం" అన్న మాట ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. పన్నుల వసూలును పంట కోతలకు జతచేయడంతో రైతు ధర తక్కువ ఉన్నప్పుడే ధాన్యం అమ్ముకోవాల్సి వచ్చింది. 1891 ఎండాకాలం చివర గానీ రై ఎగుమతిని ఆపలేదు. ఆకలి ఒకపక్క, ఓడలెక్కే ధాన్యం ఇంకోపక్క అంటే రాయలసీమ వాళ్లకు 1876–78 నాటి ధాత కరువు గుర్తొస్తుంది. అప్పుడు బ్రిటిష్ పాలనలోనూ అదే జరిగింది.

ఆ తర్వాత ప్రభుత్వం కదిలి కోటి మందికి పైగా సాయం అందించింది. టాల్‌స్టాయ్ ర్యాజాన్ ప్రాంతంలో వందల వంటశాలలు నడిపించాడు. రచయిత చెహోవ్ కలరా కాలంలో మాస్కో దగ్గరి పల్లెల్లో జీతం లేకుండా డాక్టరుగా తిరిగాడు.

విప్లవం తర్వాత పరిస్థితి వెంటనే మెరుగుపడిందా?

లేదు. ముందు ఘోరంగా దిగజారింది. అంతర్యుద్ధంలో పెత్రొగ్రాద్ (తర్వాతి లెనిన్‌గ్రాద్, ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) జనాభా 20 లక్షల పైనుంచి 1920కి ఏడు లక్షల దగ్గరకు పడిపోయింది. తిండి కోసం జనం పల్లెలకు పారిపోయారు. పేల ద్వారా పాకే టైఫస్ లక్షల్లో చంపింది. "పేలు సోషలిజాన్ని గెలుస్తాయా, సోషలిజం పేలను గెలుస్తుందా" అని లెనిన్ 1919లో ప్రశ్నించింది అందుకే.

1921–22లో వోల్గా ప్రాంతంలో మళ్లీ కరువు. అనావృష్టి ఒకటి, అంతకుముందు మూడేళ్లు రైతుల గాదెలు ఊడ్చి తీసుకుపోయిన బలవంతపు సేకరణ ఇంకొకటి. 50 లక్షల మంది దాకా చనిపోయారు. హెర్బర్ట్ హూవర్ నడిపిన అమెరికన్ సహాయ సంస్థ 1922లో రోజుకు కోటి మందికి పైగా అన్నం పెట్టింది. బద్ధశత్రువు అనుకున్న దేశం నుంచి వచ్చిన మొక్కజొన్నతో వోల్గా పల్లెల్లో లక్షల మంది పిల్లలు బతికారు. ఈ సంగతి సోవియట్ పాఠ్యపుస్తకాల్లో ఒక మూలకు పోయింది.

1932–33 కరువు గురించి ఎందుకు ఇంత వాదన?

ఎందుకంటే అది విధానాల వల్ల వచ్చిన కరువు. రైతుల భూములను, పశువులను సామూహిక క్షేత్రాల్లోకి బలవంతంగా లాగారు. తమ పశువులు పోతాయని రైతులే వాటిని కోసుకుతిన్నారు. పంట తగ్గినా సేకరణ లక్ష్యం తగ్గలేదు. 1932 ఆగస్టు 7 నాటి శాసనం ప్రకారం పొలంలో గుప్పెడు కంకులు ఏరుకున్నా పదేళ్ల జైలు, లేదా కాల్చివేత. 1933 జనవరిలో ఆకలితో ఉన్న రైతులు ఉక్రెయిన్, ఉత్తర కాకసస్‌లోని కుబాన్ దాటి పోకుండా దారులు మూశారు. ఆ 1932లోనే 17 లక్షల టన్నుల ధాన్యం విదేశాలకు పోయింది.

ఉక్రెయిన్‌లో 35 లక్షలకు పైగా, కజకిస్తాన్‌లో దాదాపు 15 లక్షలు, వోల్గా, ఉత్తర కాకసస్ లాంటి రష్యన్ ప్రాంతాల్లో ఇంకా లక్షల్లో మరణాలు. కజక్ జాతిలో మూడో వంతు దాకా తుడిచిపెట్టుకుపోయింది. 1937 జనగణనలో జనాభా అనుకున్నదానికన్నా లక్షల్లో తక్కువ తేలింది. స్టాలిన్ ఆ ఫలితాలను అణచివేశాడు. లెక్క సరిగ్గా పెట్టిన గణాంకవేత్తలు జైలుకు పోయారు, కొందరిని కాల్చి చంపారు.

దీన్ని చిన్నది చేసి చూపే ఏ వాదనా నాకు మింగుడుపడదు.

లెనిన్‌గ్రాద్ ముట్టడిలో "125 గ్రాములు" అంటారు. అదేమిటి?

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాద్‌ను చుట్టుముట్టింది. 1941 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 25 దాకా నగరంలో ఉద్యోగులకు, పనిలేనివాళ్లకు, పిల్లలకు ఇచ్చిన రోజు రేషన్ 125 గ్రాముల రొట్టె. ఫ్యాక్టరీ కార్మికులకు 250. ఆ రొట్టె కూడా పూర్తిగా పిండి కాదు. నాసిరకం రై పిండిలో చెక్క నుంచి తీసిన సెల్యులోజ్, గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిప్పి పిండి కలిపేవారు. నీరెక్కువగా పట్టి బరువు తూగేది కాబట్టి 125 గ్రాముల ముక్క అరచేతిలో ఒక మూలకు సరిపోయేది. అదికాక ఆ రోజుల్లో దాదాపు ఇంకేమీ లేదు. వడ్రంగి బంకను ఉడకబెట్టి గడ్డకట్టించి తిన్నారు, తోలు బెల్టులు ఉడకబెట్టుకున్నారు. గడ్డకట్టిన లాదొగా సరస్సు మీదుగా లారీలు నడిచాకే రేషన్ కొంచెం పెరిగింది. 872 రోజుల ముట్టడిలో ఎనిమిది నుంచి పది లక్షల మంది నగరవాసులు చనిపోయారు, ఎక్కువ మంది ఆకలితోనే.

ఆ నగరంలోనే వావిలోవ్ అనే మొక్కల శాస్త్రవేత్త కూడగట్టిన విత్తన భాండాగారం ఉంది. ప్రపంచమంతా తిరిగి తెచ్చిన వరి, గోధుమ, పప్పుధాన్యాల రకాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. కాపలా ఉన్న శాస్త్రవేత్తలు ఒక్క గింజ ముట్టలేదు. వరి సేకరణ చూసుకునే ద్మీత్రి ఇవానోవ్ వేల వరి పొట్లాల మధ్య ఆకలితో ప్రాణం విడిచాడు. వావిలోవ్ స్వయంగా స్టాలిన్ జైల్లో, సరాతోవ్‌లో, 1943 జనవరిలో తిండి లేక కుంగి చనిపోయాడు.

ముట్టడిని తట్టుకుని బతికినవాళ్ల ఒంట్లోనూ అది మిగిలిపోయింది. యుక్తవయసు దగ్గర్లో ఉండగా ఆ ఆకలికి గురైన మగపిల్లల్లో ముసలితనంలో రక్తపోటు, గుండె జబ్బు మరణాలు ఎక్కువగా ఉన్నాయని 2004లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

యుద్ధం అయ్యాక ఆయుష్షు అంత వేగంగా ఎలా పెరిగింది?

1946–47లో మరో కరువు పది లక్షల ప్రాణాలు తీసింది. అది దాటాక వచ్చిన మార్పు నిజంగా గొప్పది. రష్యాలో 1940లో కూడా పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 200కు పైగా తొలి ఏడాదే పోయేవారు. 1960కి అది 40 లోపుకు దిగింది. ఇరవై ఏళ్లలో, అదీ మధ్యలో అంత యుద్ధం జరిగాక.

మాంసం, వెన్న పెరిగినందువల్ల కాదిది. సూక్ష్మజీవుల జబ్బులను తగ్గించే సల్ఫా మందులు వచ్చాయి. 1942లో జినైదా యెర్మోల్యెవా బృందం పెన్సిలిన్ తయారుచేసింది. ప్రజారోగ్య మంత్రిగా 1918 నుంచి 1930 దాకా ఉన్న నికొలాయ్ సెమాష్కో వేసిన చట్రం పనికొచ్చింది. వైద్యం ఉచితం, ప్రతి పేటకూ ఒక డాక్టరు, ప్రతి జిల్లాలో నీరు, మురుగు, టీకాలు చూసే శానిటరీ శాఖ. మశూచిని 1936కే దేశంలో లేకుండా చేశారు. పోలియో చుక్కలను 1959–60లో చుమకోవ్ బృందం కోట్ల మందికి వేసింది. ఆ టీకాకు మూలం అమెరికాలో సేబిన్ పెంచిన వైరస్. ఆడపిల్లలు చదువుకోవడం, పనిచేసే తల్లికి ప్రసవ సెలవు, పిల్లల పాల కేంద్రం, ఇవన్నీ తోడయ్యాయి. సోస్కా మాయమైంది.

1960ల మధ్యకు మగవాళ్ల సగటు ఆయుష్షు 64 దాటింది, ఆడవాళ్లది 73 దాటింది. అమెరికా మగవాళ్లతో తేడా రెండు మూడేళ్లే.

సోవియట్ కాలంలో క్యూలు, కొరతలు నిజమేనా? మనం చదివిన పుస్తకాల్లో అలా లేదే?

సోవియట్ ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో చౌకగా దొరికేవి. మన ఇళ్లలో ఒక తరం వాటితోనే పెరిగింది. వాటిలో కనిపించిన పిల్లల శిబిరాలు, గ్రంథాలయాలు, ఉచిత ఆస్పత్రులు కల్పితాలు కావు, ఉన్నాయి. 1933, 1946 కరువులు వాటిలో లేవు, అంతే. మాంసం కోసం పొద్దున్నే నిలబడ్డ ఇల్లాలు కూడా లేదు.

1962 జూన్‌లో మాంసం, వెన్న ధరలు ఒక్కసారిగా పెంచితే నోవొచెర్కాస్క్‌లో కార్మికులు వీధుల్లోకి వచ్చారు. వాళ్ల మీద కాల్పులు జరిపి 20 మందికి పైగా చంపారు. ఆ వార్త దశాబ్దాల పాటు బయటికి రాలేదు. మరుసటి ఏడాది పంట పోతే విదేశాల నుంచి గోధుమ కొన్నారు. 1980ల దాకా మాస్కోకు సరుకు బాగా వచ్చేది, చుట్టుపక్కల ఊళ్లకు వచ్చేది కాదు. దాంతో శని, ఆదివారాల్లో జనం లోకల్ రైలెక్కి మాస్కో వచ్చి సాసేజి, నారింజలు, వెన్న సంచుల్లో నింపుకుని వెళ్లేవారు. కడుపు నిండేది, పళ్లూ కూరగాయలే చలికాలంలో కరువు.

ఇల్లు మాత్రం ఆ కాలంలోనే మారింది. అప్పటిదాకా పట్నాల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, నాలుగైదు కుటుంబాలకు ఒకే వంటిల్లు, ఒకే మరుగుదొడ్డి. 1957లో క్రుశ్చేవ్ ప్రభుత్వం భారీగా ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. లిఫ్టు లేని అయిదంతస్తుల భవనాలు, ఇరుకు వంటగది, పలచటి గోడలు. అయినా కోట్ల మందికి జీవితంలో మొదటిసారి సొంత తలుపు, సొంత స్నానాల గది దొరికాయి.

మరి మగవాళ్లు ఎందుకు ముందే పోయారు?

ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. 1960ల మధ్య తర్వాత పడమటి యూరప్‌లో ఆయుష్షు పెరుగుతూ పోతే, రష్యా మగవాళ్లది తగ్గడం మొదలైంది. 1980కి 61–62 ఏళ్లకు దిగింది. శాంతి కాలంలో, చదువుకున్న దేశంలో, కరువు లేకుండా. 1970ల మధ్యలో శిశుమరణాలు కూడా కాస్త పెరిగినట్టు కనిపించేసరికి ప్రభుత్వం ఆ లెక్కలు ప్రచురించడమే ఆపేసింది.

అంటురోగాలను గెలిచిన వైద్య వ్యవస్థకు గుండెపోటు, పక్షవాతం కొత్త శత్రువులు. పొగాకు విపరీతం. అన్నిటికీ మించి వోద్కా. అదీ ఎలాంటి తాగుడు? మూడు నాలుగు రోజులు ఏకబిగిన తాగి పడిపోయే తాగుడు. దాంట్లో గుండె ఆగుతుంది, మంచులో నిద్రపోతారు, కొట్లాటలో కత్తి దిగుతుంది.

ఖజానా దాని మీదే బతికింది. ఆర్థిక మంత్రి విత్తె 1890ల్లో పెట్టిన వోద్కా గుత్తాధిపత్యం జార్ల ఆదాయంలో నాలుగో వంతు దాకా తెచ్చేది. 1914లో నిషేధించారు. 1925లో సోవియట్ ప్రభుత్వం 40 డిగ్రీల వోద్కాను మళ్లీ అమ్మకానికి పెట్టింది. రక్షణ ఖర్చు కోసం వోద్కా ఉత్పత్తిని వీలైనంత పెంచమని 1930లో స్టాలిన్ తన సహచరుడు మొలొతొవ్‌కు రాశాడు. ఇద్దరు శత్రువులైన పాలకులు ఒకే సీసా మీద బడ్జెట్ కట్టుకున్నారు.

1985 మేలో గొర్బచోవ్ మద్యాన్ని బిగించాడు. షాపులు, గంటలు తగ్గించారు. ద్రాక్షతోటలు నరికేశారు. జనం నాటుసారా కాయడంతో అంగళ్లలో పంచదార మాయమైంది. జనానికి ఒళ్లు మండింది. అయినా రెండేళ్లలో మగవాళ్ల ఆయుష్షు మూడేళ్లు పెరిగి 65 దగ్గరకు చేరింది. ఖజానాకు గండిపడి, కోపం పెరిగి, ఆ ప్రయత్నం నీరుగారిపోయింది.

1990ల్లో నిజంగా ఆకలితో చనిపోయారా?

ఆకలితో కాదు. 1992 జనవరి 2న ధరల మీద అదుపు ఎత్తేశారు. ఆ ఒక్క ఏడాదిలో ధరలు దాదాపు 26 రెట్లయ్యాయి. జీవితాంతం బ్యాంకులో దాచుకున్న డబ్బు చిత్తుకాగితమైంది. నెలల తరబడి జీతాలు లేవు. కొన్నిచోట్ల జీతం బదులు ఫ్యాక్టరీ సరుకే చేతిలో పెట్టారు. గాజు కార్ఖానా కార్మికులు రైల్వే స్టేషన్లలో గాజు కూజాలు అమ్ముకున్నారు. కుటుంబాలను నిలబెట్టింది పెరటి సాగు. సోవియట్ కాలంలో పంచిన 600 చదరపు మీటర్ల దాచా (ఊరి బయటి తోట ఇల్లు) స్థలం, మన లెక్కలో 700 గజాల పైన. బంగాళాదుంపలు, క్యాబేజీ, దోసకాయ ఊరగాయ సీసాలు. ఇంట్లో అమ్మమ్మే వాటి బాధ్యత చూసేది.

చనిపోయింది ఎక్కువగా పనిచేసే వయసు మగవాళ్లు. 1994లో మగవాళ్ల సగటు ఆయుష్షు 58 లోపుకు పడింది. ఆడవాళ్లది 71. ఆడవాళ్ల ఆదాయం మగవాళ్లకన్నా తక్కువే, పెన్షన్ ముసలమ్మలదైతే మరీ తక్కువ. అయినా వాళ్లు అంతగా పోలేదు. డబ్బు లేమి ఒక్కటే కారణమైతే ఇలా ఉండదు. 1990–2001 మధ్య చనిపోయినవాళ్ల గురించి తోమ్స్క్, బర్నౌల్, బీస్క్ పట్నాల్లో కుటుంబాలను అడిగి చేసిన పెద్ద అధ్యయనం 2009లో వచ్చింది. 15–54 ఏళ్ల మధ్య మరణాల్లో సగానికి పైగా మద్యానికే ముడిపడి ఉన్నాయని తేల్చింది. టీకాలు సన్నగిల్లి డిఫ్తీరియా కూడా తిరిగొచ్చింది. పాత సోవియట్ దేశాలన్నీ కలిపి లక్షన్నరకు పైగా కేసులు.

ఇప్పుడు ఎలా ఉంది?

2003 తర్వాత మలుపు తిరిగింది. మద్యం మీద పన్నులు, కనీస ధర, రాత్రి అమ్మకాల నిషేధం, గుండె చికిత్స కేంద్రాలు అన్నీ కలిసి పనిచేశాయి. 2003–2016 మధ్య తలసరి మద్యం వాడకం 43 శాతం తగ్గిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 2019లో సగటు ఆయుష్షు 73 ఏళ్లు దాటింది. మగవాళ్లకు 68, ఆడవాళ్లకు 78. కరోనా దెబ్బకు 2021లో మొత్తం సగటు 70కి పడిపోయింది. పసిపిల్లల మరణాలు ఇప్పుడు వెయ్యికి అయిదు లోపే. ముత్తవ్వల కాలంలో అది 270. మగవాళ్లకూ ఆడవాళ్లకూ మధ్య పదేళ్ల తేడా మాత్రం ఇంకా ఉంది.

2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధం తర్వాతి లెక్కలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. 2025లో రష్యా గణాంక శాఖ నెలవారీ జనన మరణాల వివరాలు ప్రచురించడం ఆపింది.